చేప ఊపిరి చాల్లేదు

పదో తరగతిలో హైడ్రిల్లా ప్రయోగం చేయనివాళ్లు, కనీసం దాని బొమ్మ గీయనివాళ్లు మనలో తక్కువ. బీకరు నిండా నీళ్లు, అందులో చెరువు నుంచి తెచ్చిన గుప్పెడు హైడ్రిల్లా, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు కాడకు తొడిగిన పరీక్షనాళిక. కిటికీ దగ్గర ఎండలో పెడితే కాసేపటికి కాడల చివర్ల నుంచి సన్నటి బుడగలు వరసకట్టి పైకి లేస్తాయి. అది ప్రాణవాయువు అని రాస్తే మార్కులు పడతాయి. మా బళ్లో ఒకసారి ఎంతసేపు చూసినా బుడగలు రాలేదు. మాస్టారు కంగారు పడలేదు. వంటసోడా పొట్లం విప్పి ఒక చిటికెడు వేశారు. కాసేపట్లో బుడగలు మొదలయ్యాయి. "ఏం వేశారు సార్?" అంటే, "దానికి ఆకలేసిందిరా, అన్నం పెట్టాను" అన్నారు.

ఆ చిటికెడు వంటసోడా వెనక రెండు వందల ఏళ్లకు పైబడిన కథ ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంట్లో అద్దాల తొట్టి పెట్టుకుని, అందులో నాటిన మొక్క నాటినట్టే కరిగిపోతుంటే, ఎందుకో అర్థంకాక పుస్తకాలు తిరగేసిన రోజుల్లో. నీటిమొక్కలకు ఏం కావాలో శాస్త్రం ఎప్పుడో చెప్పేసింది. చేపలు పెంచేవాళ్ల చెవికి అది చేరడానికే రెండు శతాబ్దాలు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందన్నదే ఇందులో అసలు కథ.

మొదలు వాన్ హెల్మాంట్‌తో. ఇప్పటి బెల్జియం ప్రాంతపు వైద్యుడు. ఒక కుండీలో బాగా ఎండబెట్టిన మట్టి 200 పౌన్లు తూచి పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు వాననీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లకు పెరిగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే రెండు ఔన్సులు మాత్రం తగ్గింది. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తీర్పు. ఆయన పోయాక 1648లో కొడుకు ఆ రాతలు అచ్చువేయించాడు. తమాషా ఏమిటంటే "గ్యాస్" అన్న మాటను లోకానికిచ్చింది ఈయనే. బొగ్గు కాలిస్తే వచ్చే గాలికి ప్రత్యేకంగా పేరు పెట్టిందీ ఈయనే. తన చెట్టుకు కండ పట్టించింది సరిగ్గా ఆ గాలేనని మాత్రం ఆయనకు తట్టలేదు. మన పాత తెలుగు వాచకాలు దాన్నే బొగ్గుపులుసు వాయువు అన్నాయి. కార్బన్ డయాక్సైడ్ అన్నమాట కంటే నాకదే ఇష్టం. ఎక్కడి నుంచి వచ్చిందో, రుచేమిటో రెండూ పేరులోనే ఉన్నాయి.

తర్వాత జోసెఫ్ ప్రీస్ట్లీ. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఆయన ఇల్లు బీరు తయారీ కొట్టు పక్కన. పులిసే బీరు తొట్ల మీద ఒక గాలి దుప్పటిలా పరుచుకుని ఉండేది. మండే పుల్ల అందులో పెడితే ఆరిపోయేది. ఆ గాలిని నీళ్లలోకి ఎక్కించి 1772లో సోడానీళ్లు చేసే పద్ధతి రాశాడు. అంతకు ముందు ఏడు, 1771 ఆగస్టులో, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ పెట్టి పది రోజులు ఆగి చూస్తే, అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. మొక్క గాలిని బాగుచేస్తుందని తెలిసింది. ఇక్కడే ఆయన ఇంకో పని కూడా చేశాడు. పుదీనా రెమ్మలను నేరుగా బీరు తొట్టి మీద పెట్టి చూశాడు. ఒక్కరోజులో చచ్చాయి. ఆ గాలి మొక్కకు విషమని రాసుకున్నాడు. తిండిని కూడా పీకలదాకా కుక్కితే విషమేనన్నది ఆ తొట్టి మీద మొదటిసారి కనబడింది. ఆయన దాన్ని విషంగానే చదివాడు. ఈ పొరపాటు మన కథలో ఇంకా రెండు మూడుసార్లు వేషం మార్చుకుని వస్తుంది.

1779 వేసవిలో లండన్ దగ్గర యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు ఆకులను నీళ్లలో ముంచి ఎండలో పెట్టాడు. బుడగలు వచ్చాయి. నీడలోకి జరిపితే ఆగాయి. మూడు నెలల్లో దాదాపు 500 ప్రయోగాలు చేసి, మొక్క ఆ పని చేయడానికి వెలుతురు కావాలని తేల్చాడు. అసలు మెరుపు ఆ తర్వాత 1782లో జెనీవాలో. జీన్ సెనెబియే పాస్టరు, గ్రంథాలయాధికారి. ఆయన ఇంగెన్‌హౌజ్ లాగే ఆకులు తీసుకుని, మరిగించి చల్లార్చిన నీళ్లలో వేశాడు. ఎండ ఎంత ఉన్నా బుడగలు లేవు. మరిగితే నీళ్లలో కరిగిన గాలులన్నీ పోతాయి కదా. అవే ఆకులను ప్రీస్ట్లీ సోడానీళ్ల వంటి నీళ్లలో వేస్తే బుడగలు బిలబిలమని వచ్చాయి. మొక్క తినేది బొగ్గుపులుసు వాయువునేనని, విడిచేది ప్రాణవాయువని అప్పుడు రుజువైంది. 1804లో సోస్యూర్ తూకాలు వేసి లెక్క సరిచేశాడు.

అంటే నీటిమొక్కలకు సోడా గ్యాసు ఎక్కిస్తే బతికి బట్టకడతాయన్నది 1782 నాటి మాట. మా మాస్టారు చిటికెడు వేసింది ఆ పాఠమే, కాస్త చుట్టుదారిలో. దాని సంగతి తర్వాత.

మరి ఇంత తెలిసీ చేపల తొట్ల వాళ్లు ఎందుకు పట్టించుకోలేదు? దానికి నేను ఒక మంచి మనిషినే తప్పుపడతాను. రాబర్ట్ వారింగ్టన్, లండన్‌లో అపోథికరీల సంఘపు రసాయనవేత్త. 1849లో ఆయన పన్నెండు గాలన్ల గాజుపాత్రలో ఇసుక, మట్టి, రాళ్లు వేసి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు వదిలి, వాలిస్నేరియా నాటాడు. పొడుగాటి పట్టీల్లా పెరిగే నీటిగడ్డి అది. పాత ఆకులు కుళ్లి పాచి పట్టింది. అయిదారు చెరువు నత్తలను వేస్తే అవి శుభ్రం చేశాయి. నీళ్లు మార్చకుండా తొట్టి తేటగా నిలిచింది. 1850లో రసాయన సంఘం పత్రికలో ఆ సంగతి రాశాడు. చేప విడిచింది మొక్క తింటుంది, మొక్క విడిచింది చేప పీలుస్తుంది, మిగిలిన చెత్త నత్త తింటుంది. జంతులోకానికీ వృక్షలోకానికీ సరిసమానంగా తూగే త్రాసు! నాలుగేళ్లకు ఫిలిప్ హెన్రీ గాస్ "ది అక్వేరియం" పుస్తకం రాశాడు. ఆ మాట ఇంటింటి మాట అయింది. విక్టోరియా కాలపు ఇళ్లన్నీ గాజుతొట్లతో నిండిపోయాయి.

ఆ త్రాసు బొమ్మ ఎంత అందంగా ఉందంటే, ఏ పళ్లెంలో ఎంత ఉందో తూచిచూద్దామన్న ఆలోచనే చాలాకాలం ఎవరికీ రాలేదు. "చేపలున్నాయి కదా, మొక్కలకు కావలసిందల్లా అవే ఇస్తాయి." నేను తొట్టి కొన్న రోజున దుకాణంలో నాకూ ఇదే చెప్పారు. వారింగ్టన్ చెప్పిన నూటయాభై ఏళ్లకు కూడా!

తూచిచూస్తే కథ వేరు. గాలిలో బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 వంతు. ఆ గాలి తగులుతూ నిలిచిన నీళ్లలో లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు కరుగుతుంది, అంతే. ఆ కాస్తా కూడా ఆకును చేరడం కష్టం. నీళ్లలో ఈ వాయువు గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఆకు చుట్టూ ఒక పలచని నీటిపొర కదలకుండా అంటుకుని ఉంటుంది. అందులో ఉన్నదంతా ఆకు తినేశాక, కొత్తది ఆ పొరలోంచి పాకుతూ రావాలి. పెరటి తులసిమొక్కకు గాలి వీస్తూ వడ్డిస్తుంది. తొట్టిలో మొక్కకు విస్తరి ముందున్నా వడ్డించేవాడు పక్క ఊళ్లో ఉన్నట్టు. చేపలు విడిచేదీ ఉందిగా అంటారేమో. ఉంది. కానీ నాలుగు చేపల ఊపిరి తొట్టెడు మొక్కలకు ఏ మూలకు? దానికి తోడు ఇరవయ్యో శతాబ్దంలో కరెంటు గాలిపంపులు వచ్చాయి. బుడగలతో నీళ్లను కలియబెడితే చేపకు ప్రాణవాయువు బాగా అందుతుంది, నిజమే. కానీ నీళ్లలో కాస్త ఎక్కువగా పోగైన బొగ్గుపులుసు వాయువు అదే దారిన బయటికి ఎగిరిపోతుంది. మొక్క నోటి ముందు ముద్ద లాగేసే యంత్రం పెట్టి, మొక్కలెందుకు పెరగవని జనం తలలు పట్టుకున్నారు.

మరి వారింగ్టన్ తొట్టిలో ఎలా పెరిగింది? డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనర్ స్టీమాన్ నీల్సన్ 1947లో అచ్చైన పరిశోధనలో దీనికి తాళంచెవి ఉంది. నీటిమొక్కల్లో రెండు జాతుల తిండి అలవాట్లున్నాయి. నీటి నాచుమొక్కల వంటివి విడి వాయువును మాత్రమే తీసుకోగలవు. కొన్ని మాత్రం నీళ్లలో కరిగిన బైకార్బొనేటును కూడా తీసుకుని, దాన్ని విరిచి వాయువు లాక్కోగలవు. వాలిస్నేరియా ఈ రెండో రకం. హైడ్రిల్లా కూడా. లండన్ చుట్టుపక్కల నీళ్లు సుద్దరాళ్ల మీదుగా వచ్చే సున్నపు నీళ్లు, బైకార్బొనేటు పుష్కలం. వారింగ్టన్ అదృష్టం బహుశా అందులోనే ఉంది: ఆయన ఎంచుకున్న మొక్క గట్టిది, పోసిన నీళ్లు సున్నపువి. ఇంకో మొక్క, ఇంకో ఊరి నీళ్లు అయితే ఆ త్రాసు ఎటు ఒరిగేదో! మా మాస్టారి చిటికెడు సోడియం బైకార్బొనేటు కిటుకూ ఇదే. ఆ బీకరులో హైడ్రిల్లా బదులు నీటి నాచుమొక్క వేసి ఉంటే పొట్లమంతా పోసినా లాభముండేది కాదు.

మొదట పనిముట్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు జర్మన్లు. కాస్పర్ హోర్స్ట్, హోర్స్ట్ కిప్పర్ అనే ఇద్దరు, తొట్లలో అందరినీ ఏడిపించే క్రిప్టోకొరైన్ వంటి మొక్కలు అడవివాగుల్లో అంత దర్జాగా ఎలా పెరుగుతున్నాయో చూద్దామని ఉష్ణదేశాలకు వెళ్లారు. మొక్కలను పీకి తెచ్చుకోవడం కాదు, నీళ్లను కొలవడం వాళ్ల పని. భూమిలోంచి ఊరే నీళ్లతో పారే వాగుల్లో బొగ్గుపులుసు వాయువు గాలి లెక్కన ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ. ఆకులు కుళ్లే మట్టిలోంచి నీళ్లు దాన్ని మోసుకొస్తాయి. అడుగున ఇనుము కలిసిన ఎర్రమట్టి. వాళ్ల పుస్తకం ఇంగ్లీషులో "ది ఆప్టిమం అక్వేరియం" పేరుతో 1986లో వచ్చింది. తొట్టికి సిలిండరు నుంచి వాయువు, ఇసుక కింద లేటరైటు, రోజుకిన్ని చుక్కల ఎరువు అన్న పద్ధతి దానితో దేశదేశాలకూ పాకింది. లేటరైటు అన్న మాట మన దేశంలో పుట్టిందే. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ మలబారు ప్రాంతంలో జనం కత్తితో కోసి ఇటుకల్లా వాడుకునే ఎర్రరాతిని చూసి, లాటిన్‌లో ఇటుక అనే మాట మీదుగా ఆ పేరు పెట్టాడు. మన గోదావరి జిల్లాల మెట్టలో తవ్వితే దొరికే మట్టిని జర్మన్ల డబ్బాలో కొనుక్కున్నవాళ్లను ఎరుగుదును.

జర్మన్లది కొలత. జపాన్ తకాషి అమానోది కన్ను. 1954లో నీగాటాలో పుట్టాడు. సైకిల్ పందేల వృత్తి ఆటగాడు, వెయ్యికి పైగా పోటీల్లో తొక్కాడు. ఆ డబ్బుతో కెమెరాలు కొన్నాడు, అక్వేరియం దుకాణం పెట్టాడు. ఆయన కథలో అందరూ చెప్పుకునే ఘట్టం ఒకటుంది: మొక్కలు ఎందుకు నీరసంగా ఉన్నాయో తోచక, తాగే సోడాను తీసుకెళ్లి తొట్టిలో పోశాడట. కొంతసేపటికి ఆకుల మీద బుడగలు ముత్యాల్లా మెరిశాయట. సెనెబియేకూ అమానోకూ మధ్య రెండు వందల ఏళ్లు, అదే ప్రయోగం! ఇక్కడ పక్కదారి పట్టకుండా ఉండలేను. మన గోలీసోడా సీసా 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు. ఇప్పటికీ ఆ గోలీని వదలనివాళ్లు మనమూ జపాన్‌వాళ్లూ. వాళ్లు దాన్ని రామునే అంటారు. అమానో పోసింది ఆ సీసా అని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను. అయినా ఆ ఘట్టం తలుచుకుంటే నాకు "టప్" మన్న చప్పుడే వినిపిస్తుంది.

అమానో 1982లో సొంత సంస్థ పెట్టాడు. 1992లో ఆయన తొట్ల ఫొటోల పుస్తకం జపాన్‌లో వచ్చింది, రెండేళ్లకు "నేచర్ అక్వేరియం వరల్డ్" పేరుతో ఇంగ్లీషులో. నీటిమీద తేలే రిక్షియా అనే చిన్న మొక్కను ఆయన రాళ్లకు కట్టి అడుగున పెంచాడు. దాని ఒక్కో కొస మీద ఒక్కో ప్రాణవాయువు ముత్యం. ఆ ఫొటో చూసినవాళ్లంతా "మా తొట్టిలో ఎందుకు రాదు?" అన్నారు. గ్యాసు సిలిండరు అన్న జవాబు అంతకుముందే ఉంది. అడిగే కోరిక మాత్రం ఆ ఫొటోలు పుట్టించాయి. కొలతలతో కదలని జనం ఒక ముత్యంతో కదిలారు. 2015లో ఆయన పోయేముందు లిస్బన్ అక్వేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీళ్లతో ఒక నీటి అడవిని కట్టి వెళ్లాడు.

సిలిండరు, రెగ్యులేటరు, సన్నటి బుడగలు చేసే పింగాణీ బిళ్ల... ఇవన్నీ ఖరీదు. చేతిలో డబ్బులేనివాళ్లు మళ్లీ ప్రీస్ట్లీ బీరు తొట్టి దగ్గరికే పోయారు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో పంచదార, నీళ్లు, అర చెంచా ఈస్టు. మూతకు బెజ్జం పెట్టి సన్నటి గొట్టం. గొట్టం కొస తొట్టిలో. ఈస్టు పంచదారను తిని ఆల్కహాలూ వాయువూ చేస్తుంది. రెండు మూడు వారాలు నడుస్తుంది. మొదటి రెండు రోజులు ఉరకలు, తర్వాత నత్తనడక, రాత్రి ఆపుదామంటే ఆగదు. నేను మొదలుపెట్టింది దీనితోనే. మా ఇంట్లో ఆ సీసాకు "సారా బట్టీ" అని పేరు.

ఇక ఎరువు. గ్యాసు అందగానే మొక్క ఆకలి మిగతావాటి మీదికి మళ్లుతుంది. జర్మనీలో స్ప్రెంగెల్ 1828లో చెప్పి, లీబిగ్ ఊరూవాడా చాటిన సూత్రం రైతులకు కొత్తది కాదు: అన్నింట్లో ఏది తక్కువో అదే పైరును ఆపుతుంది. గ్యాసు తక్కువగా ఉన్నన్నాళ్లూ నత్రజని, పొటాష్, ఇనుము లోటు బయటపడదు. గ్యాసు ఇచ్చిన నెలకు కొత్త ఆకులు తెల్లబారాయి, పాత ఆకులకు చిల్లులు పడ్డాయి. ఇనుము ఉప్పు వేస్తే తుప్పై అడుగున పడుతుంది. ఆ చిక్కు తీరింది 1951లో. కాలిఫోర్నియాలో లూయీ జేకబ్‌సన్ ఇనుమును ఈడీటీఏ అనే పదార్థంతో ముడివేసి మొక్కలు పెంచే పోషక ద్రావణంలో కలిపితే అది తుప్పు పట్టకుండా రోజుల తరబడి మొక్కకు అందింది. నిమ్మ, బత్తాయి తోటల్లో ఆకు తెల్లబారితే మనవాళ్లు కొట్టే "చీలేటెడ్" మందు ఆ కుటుంబమే. తొట్టిలో చుక్కలుగా వేసేదీ అదే.

నత్రజని, భాస్వరం మాట ఎత్తితే మాత్రం చేపలవాళ్లకు వణుకు. నీళ్లు ఆకుపచ్చగా మారతాయని, అద్దాలకు పాచి పడుతుందని. ఆ భయం ఉత్తది కాదు. కొల్లేరు చుట్టూ చేపల చెరువులవాళ్లు పేడ, సూపరు, యూరియా వేసేదే నీళ్లు ఆకుపచ్చగా మారాలని. ఆ పచ్చదనమే అక్కడ చేపలకు మేత. వాళ్ల పంట మనకు తెగులు! అందుకని దశాబ్దాలపాటు తొట్టికి ఎరువంటే ఇనుము, సూక్ష్మపోషకాలే; అసలు అన్నం మాత్రం నిషేధం. ప్రీస్ట్లీ పుదీనా రెమ్మ రెండో వేషం.

ఆ నిషేధంలో సగాన్ని 1996లో కెనడాకు చెందిన పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ తీసేశారు. పొటాషియం నైట్రేటు, పొటాషియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు, చీలేటెడ్ సూక్ష్మపోషకాలు కలిపి సొంతంగా చేసుకునే మందుకు "పేదవాడి చుక్కలు" అన్న అర్థంలో పేరు పెట్టారు. భాస్వరం మాత్రం వేయొద్దన్నారు. మిగతావన్నీ ఉండి అదొక్కటే కొరతైతే మొక్కలే దాన్ని ముందు లాక్కుంటాయి, పాచి పస్తుంటుంది అని వాళ్ల వాదన. బాగుంది. కాలిఫోర్నియా వాసి టామ్ బార్ మిగిలిన సగం తీసేశాడు. ఎలా? మొక్కలు దట్టంగా ఉండి, గ్యాసు బాగా అందే తొట్టిలో కావాలనే భాస్వరం పోశాడు. పాచి రాలేదు! అమ్మోనియా ఎక్కువైతే, గ్యాసు ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే పాచి వస్తుందని, నైట్రేటు, ఫాస్ఫేటు నేరస్థులు కావని ఆయన వాదించాడు. దాని మీద కట్టిన పద్ధతే "ఎస్టిమేటివ్ ఇండెక్స్".

ఈ పద్ధతి లెక్క నాకు మన ఇల్లాళ్ల చేతి అంచనాలా కనిపిస్తుంది. పరీక్షల కిట్లు అక్కర్లేదు. అవసరం కంటే కాస్త ఎక్కువే వేయి, వారానికొకసారి సగం నీళ్లు మార్చు. మొక్కలు ఏమీ తినకపోయినా ఎరువు ఎంతవరకు పేరుకుంటుంది? వారానికి 10 పాళ్లు వేస్తే, సగం పోయి 5 మిగులుతుంది, మళ్లీ 10 వేస్తే 15, సగం పోతే 7.5, మళ్లీ 17.5... ఎన్ని వారాలు పోయినా 20 దాటదు. అంటే వారం మోతాదుకు రెట్టింపే హద్దు. ఆ హద్దు చేపకు హానికాని చోట పెట్టుకుంటే చాలు. లెక్క అంత సులువు కాబట్టే పద్ధతి అంతగా పాకింది. ఇక సరుకులంటారా, పెంపుడు చేపల దుకాణంలో చిన్న రంగుసీసాలో వందలు పోసి కొనే మందులో ముఖ్యమైనవి రెండూ మన ఎరువుల కొట్టులో కిలోల్లో దొరుకుతాయి. పొటాషియం నైట్రేటు మిరప రైతు డ్రిప్పులో వదిలే 13-0-45, భాస్వరం ఉప్పు 0-52-34. యూరియా మాత్రం తొట్టి దరిదాపులకు రానివ్వొద్దు. అది అమ్మోనియాగా మారుతుంది.

గ్యాసు ఎంత వేయాలన్నదానికీ ఒక చక్కని బొమ్మలాంటి పరికరం వచ్చింది. చిన్న గాజుబుడ్డి, అందులో కార్బొనేటు గట్టిదనం సరిగ్గా 4 డిగ్రీలుండేట్టు చేసిన నీళ్లు, రెండు చుక్కల బ్రోమోథైమాల్ బ్లూ. బుడ్డి తొట్టిలో బోర్లా వేలాడుతుంది. తొట్టి నీళ్లకూ బుడ్డి నీళ్లకూ మధ్య గాలిపొర. గ్యాసు ఒక్కటే ఆ గాలిపొర దాటి బుడ్డిలోకి కరుగుతుంది. తక్కువైతే నీలం, లీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాములైతే ఆకుపచ్చ, ఎక్కువైతే పసుపు. అదే 30 మిల్లీగ్రాములు, గాలి ఇచ్చే అర మిల్లీగ్రాముకు యాభై రెట్ల పైనే. ఒక్కటే చిక్కు: రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది. ఈలోపు చేపలు దాని కోసం ఆగవు.

అన్నిటికీ ఎదురుతిరిగిన గొంతు కూడా ఒకటి చెప్పాలి. అమెరికాలో సూక్ష్మజీవశాస్త్రం చదివిన డయానా వాల్‌స్టాడ్ 1999లో "ఎకాలజీ ఆఫ్ ది ప్లాంటెడ్ అక్వేరియం" రాశారు. సిలిండరు వద్దు, మందులు వద్దు. అడుగున మామూలు తోటమట్టి, పైన కంకర, కిటికీ వెలుతురు. మట్టిలో కుళ్లేదే మొక్కలకు గ్యాసు ఇస్తుంది, చేపల మేతే ఎరువవుతుంది. ఈమె వారింగ్టన్ త్రాసును మళ్లీ నిలబెట్టారు, ఈసారి మాత్రం పళ్లేలు తూచి. ఊపిరి ఇచ్చేది చేప కాదు, మట్టి. తొట్టి నెమ్మదిగా పెరుగుతుంది, ఎర్రెర్రటి ఆకులు, ముత్యాల రిక్షియా అంతగా రావు. ఇప్పుడు నా తొట్టి ఆమె దారిలోనే ఉంది. ఎందుకో చెబితే మీకు ఉపయోగపడొచ్చు.

సారా బట్టీ విసుగొచ్చి సోడా కొట్టువాళ్ల సిలిండరు లాంటిది సంపాదించాను. మొదటి వారం ముత్యాలు వచ్చాయి. ఆ సంబరంలో ఒక సాయంత్రం మర ఇంకాస్త తిప్పి నిద్రపోయాను. రాత్రి లైటు ఆరితే మొక్కలు గ్యాసు తినడం మానేస్తాయి. మానేయడమే కాదు, చేపల్లాగే అవీ గ్యాసు విడుస్తాయి. సిలిండరు తన పాటికి తాను పోస్తూనే ఉంది. తెల్లారి లేచేసరికి తొట్టి మీద పదకొండు చేపలు వెల్లకిలా తేలాయి. నీళ్లలో ప్రాణవాయువు ఉండే ఉంటుంది. చుట్టూ అంత గ్యాసు ఉంటే చేప ఒంట్లోది బయటికి పోలేదు, రక్తం పులిసిపోతుంది. తప్పు పూర్తిగా నాదే. బుడ్డి పసుపు రంగులో మెరుస్తోంది.

కైకలూరు వైపు చెరువులున్న మా బంధువు ఒకాయన ఫోనులో విని, "తెల్లవారుజామున ఏ చెరువైనా చూడాల్సింది రంగు కాదబ్బాయ్, చేప నోరు" అన్నాడు. మీరు గ్యాసు పెట్టదలిస్తే ఆ మాట గుర్తుపెట్టుకోండి. లైటుతో పాటే గ్యాసూ ఆగేట్టు టైమరుకు కట్టిన వాల్వు ముందు కొనండి, సిలిండరు తర్వాత. మర తిప్పేది ఇంట్లో రోజంతా ఉండే సెలవురోజు పొద్దున, అదీ కొద్దికొద్దిగా. చేపలు పైకి చేరి నోరు తెరుస్తుంటే బుడ్డి రంగు చూస్తూ కూర్చోకండి. సిలిండరు కట్టేయండి, గాలిపంపు వేయండి, సగం నీళ్లు మార్చండి.